తిరిగొచ్చినవారి గడి

ఫిబ్రవరి 10, సోమవారం

కొండ దారి ఏప్రిల్ 5న తెరుస్తారట. పేపరు లోపలి పేజీలో రెండంగుళాల వార్త. కత్తిరించి ఇక్కడ అంటించాను. జిగురు ఎక్కువై తేదీ దగ్గర కాగితం ఉబ్బింది.

కాలేజీ నుంచి నేరుగా బాబాయ్ బోర్డుల దుకాణానికి వెళ్ళాను. నా స్నేహితుడు బొంగరం వాళ్ళ నాన్నని బాబాయ్ అని పిలవడం ఎప్పుడు మొదలుపెట్టానో నాకే గుర్తులేదు. స్టూలు మీద నిలబడి ఒక పళ్ళ డాక్టరు బోర్డుకి తలకట్లు పెడుతున్నాడు. అక్షరాలన్నీ రాసేసి తలకట్లు చివర్న పెట్టడం ఆయన పద్ధతి. అంతవరకూ ఆ అక్షరాలు బోడిగుండ్లతో వరసలో నిలబడ్డ మనుషుల్లా ఉంటాయి. ఆయన చొక్కా జేబులోంచి కూడా అదే వార్త ముక్క తొంగిచూస్తోంది.

"యాభై నాలుగు రోజులుందిరా డిక్షనరీ" అన్నాడు, బోర్డు మీంచి చూపు తిప్పకుండా. "మొదటి రోజే వెళ్దాం. వాడికి మొదటి రోజంటే పిచ్చి. ఎక్కడున్నా ఆ రోజుకి గేటు దగ్గరికి వస్తాడు."

"ఎవరెవరం బాబాయ్?"

"వెళ్ళేటప్పుడు నువ్వూ నేనూ. వచ్చేటప్పుడు ముగ్గురం."

సరేనన్నాను. ప్లాను వేసే పని నాది.

ఈరోజు నేర్చుకున్న మాట: సన్నాహం. పలుకుతుంటే బూట్ల తాళ్ళు బిగిస్తున్నట్టు ఉంటుంది.


ఫిబ్రవరి 11, మంగళవారం

గేటు నుంచి, దారి గుర్తుకి పాతిన మొదటి రాయికి నలభై నిమిషాలు. అక్కణ్ణించి మెట్లు. రెండో రాయి దగ్గర టీ దుకాణం, జనం అక్కడే ఎక్కువ, ఫొటోల కోసం క్యూ కడతారు. మూడో రాయి పక్కన ఊట. ఆ తర్వాత గంటసేపు ఎక్కుడు, పైన బల్లపరుపు బండ. బాబాయ్ మోకాళ్ళని లెక్కలో వేసుకుని ప్రతిదానికీ ఇరవై నిమిషాలు కలిపాను.

అక్టోబరులో రాసుకున్న పాత ప్లాను తీసి చూశాను. అదే దారి. చివర్న "సాయంత్రం 5.45, నలుగురం గేటు దగ్గర" అని ఉంది. ఆ పేజీ చింపలేదు. మడిచాను.


ఫిబ్రవరి 16, ఆదివారం

బాబాయ్ వాళ్ళింటికి వెళ్ళాను. పిన్ని తలుపు తీసి, నా వెనక ఎవరైనా ఉన్నారేమో చూసి, అప్పుడు లోపలికి రమ్మంది. నాలుగు నెలలుగా అంతే.

ముందు గదిలో బాబాయ్ కుర్చీలో, పిన్ని గుమ్మంలో. మధ్య నాలుగడుగుల దూరం.

"మీ బాబాయ్‌ని అడుగు నాన్నా, టీ తాగుతాడేమో" అంది పిన్ని నాతో.

"తాగుతానని చెప్పు" అన్నాడు బాబాయ్ నాతో.

"చక్కెర వెయ్యమంటాడేమో అడుగు."

"డాక్టరు వద్దన్నాడని తెలిసే అడుగుతోందని చెప్పు."

నేను కుర్చీకీ గుమ్మానికీ మధ్య తల తిప్పుతూ కూర్చున్నాను. నవ్వొచ్చింది. ఆపుకున్నాను. బొంగరం ఉంటే ఆపుకునేవాడు కాదు.

పిన్నికి బాబాయ్ మీద కోపం. అక్టోబరులో మేము కొండకి వెళ్ళిన ఆ ఆదివారం పొద్దున బొంగరం బయలుదేరుతూ, ఆ సాయంత్రమే ఇచ్చెయ్యాల్సిన బోర్డుకి ఆనుకున్నాడు. రంగు తడి ఆరలేదు. అక్షరాలు అలికిపోయాయి, వాడి మోచేతికి పసుపు అంటుకుంది. "నీ మొహం నాకు చూపించకు" అన్నాడు బాబాయ్, వాడి వైపు తిరక్కుండానే. వాడు చూపించలేదు. ఆ బోర్డు ఇప్పటికీ దుకాణంలో గోడవైపు తిప్పి ఉంది.

అద్దం పక్కన జిరాక్సు కాగితం అంటించి ఉంటుంది. పోలీస్ స్టేషన్లో ఇచ్చారు. కొండ గేటు దగ్గరి రిజిస్టరులో ఒక పేజీ. ఎడమ గడి, వెళ్ళినవారు. కుడి గడి, తిరిగొచ్చినవారు. అక్టోబరు 20. నాలుగు పేర్లకీ రెండు గళ్ళూ నిండి ఉన్నాయి. బొంగరం సంతకం చివర తాడు చుట్టినట్టు మూడు చుట్లు.

"ముప్పై ఏళ్ళు అక్షరాల మీద బతికినవాణ్ణి. నా కొడుకు చెయ్యి నాకు తెలీదా? వాడు దిగొచ్చాడు. అలిగి ఎటో వెళ్ళాడు." ఈ మాట ఎస్సైతో చెప్పాడు, పేపరువాళ్ళతో చెప్పాడు, ఈరోజు మళ్ళీ నాతో చెప్పాడు.

అందుకే బస్టాండ్లు వెతికారు. లాడ్జీలు వెతికారు. కొండ మీద ఎవరూ వెతకలేదు. నవంబరు ఒకటిన దారి మూసేశారు.

టీ బావుంది.


ఫిబ్రవరి 18, మంగళవారం

ఎడమ గడి. కుడి గడి.


ఫిబ్రవరి 19, బుధవారం

నిన్న ఎందుకలా రాశానో తెలీదు. నిద్ర చాలకపోవడం వల్ల.


మార్చి 2, ఆదివారం

ప్లాను మార్చాను. వెనకవైపు ఇంకో గేటు ఉంది. ఆ దారి మంచిదని నా అభిప్రాయం. నీడ ఎక్కువ. జనం తక్కువ. వాలు మెల్లగా ఉంటుంది, మోకాళ్ళకి మంచిది. నీళ్ళు దగ్గర. రిజిస్టరు ఉండదు కాబట్టి క్యూ కూడా ఉండదు.

నీట్‌గా బొమ్మ గీసి పట్టుకెళ్ళాను. బాబాయ్ బొమ్మని మెచ్చుకున్నాడు, గీతలు తిన్నగా వచ్చాయన్నాడు. తర్వాత మడిచి నా జేబులోనే పెట్టాడు.

"మెయిన్ గేటు నుంచే వెళ్దాంరా. నాకు ఆ పుస్తకం చూడాలనుంది. జిరాక్సులో ఏం తెలుస్తుంది? సిరాలో చూడాలి. ఎంత గట్టిగా నొక్కి రాశాడో, వణికిందో లేదో. కోపంలో రాస్తే గీత వేరేగా ఉంటుంది."

"జనం ఎక్కువగా ఉంటారు బాబాయ్."

"జనంలోనే కదా వాడు కనబడాల్సింది."


మార్చి 5, బుధవారం

పదకొండో బోర్డు. కొండకి వెళ్ళే రోడ్డు మీద జీపుల స్టాండులో పెట్టడానికి. "కనబడుటలేదు" అని పైన పెద్దక్షరాలు బాబాయ్ రాశాడు. కింద వివరాలకి నేను రంగు నింపాను. ఎత్తు. వయసు. నీలం స్వెట్టరు. ఇంత అందమైన అక్షరాలతో అలాంటి బోర్డు ఇంకెక్కడా ఉండదు. ఒక ముసలాయన ఆగి, ఏ సినిమాకి అని అడిగాడు.

మోచేతి మీద పసుపు మరక సంగతి గుర్తు చెయ్యబోయాను.

"చోటు లేదు" అన్నాడు బాబాయ్.

బోర్డు మీద జానెడు చోటు ఉంది.


మార్చి 9, ఆదివారం

అక్క పనిచేసే చెప్పుల షాపుకి బాబాయ్‌ని తీసుకెళ్ళాను. కొండ బూట్లు తొడిగి నాలుగడుగులు వేయించింది అక్క.

"రెండు పెయింటు డబ్బాలు కాళ్ళకి కట్టినట్టుందమ్మా."

"పది రోజులు ఇంట్లో తొడుక్కుని తిరగండి బాబాయ్, మెత్తబడతాయి."

"ఇంట్లో బూట్లతో తిరిగితే మీ పిన్ని ఊరుకుంటుందా?"

"అలాగైనా మీతో మాట్లాడుతుంది కదా" అంది అక్క.

బాబాయ్ గట్టిగా నవ్వాడు. అక్టోబరు తర్వాత ఆయన నవ్వడం నేను చూడలేదు. బూట్లు కొన్నాడు. వాడి కాళ్ళ సైజులో ఇంకో జత కూడా అడిగాడు. పాతవి ఈపాటికి అరిగిపోయి ఉంటాయట. అక్క నావైపు చూసింది. నేను అట్టపెట్టెల మీద కంపెనీల పేర్లు చదువుతూ నిలబడ్డాను.


మార్చి 13, గురువారం

హాజరు కాగితం వరసలో తిరుగుతూ నా దగ్గరికి వచ్చింది. పేర్ల పట్టికలోంచి బొంగరం పేరు ఇంకా తీయలేదు. నా పేరు ఎదురుగా సంతకం పెట్టాను. పక్కనున్నవాడికి అందించబోయి చూస్తే బొంగరం గడిలో కూడా సంతకం ఉంది. మూడు చుట్లు. చివర చుక్క. చెయ్యి దాని పని అది చేసేసింది.

రెండేళ్ళుగా బొంగరం హాజరు నా చేతి మీదే నడిచింది. మొదటి నెలలో లెక్చరరుకి అనుమానం వచ్చింది. తర్వాత ఎంత సాధన చేశానంటే, ఒకసారి వాడే నిజంగా సంతకం పెడితే ఇది నీది కాదన్నాడాయన. వాడు ఈ కథని వందమందికి చెప్పాడు. బాబాయ్‌కి మాత్రం చెప్పలేదు. ఆయనకి సంతకమంటే చాలా పెద్ద విషయం.

ఒక్క తేడా ఉండేది. సంతకం తర్వాత నేను చుక్క పెడతాను. దేనికైనా పెడతాను. వాడు పెట్టడు. "నీకన్నీ ముగించెయ్యాలనే తొందరరా" అనేవాడు.

వాడి గడిలోది కొట్టేశాను. కవలలు వెనక బెంచీ నుంచి చూశారు. వాళ్ళ అసలు పేర్లు వేరు, చుట్టాలు కూడా కారు, ఎప్పుడూ అతుక్కుని తిరుగుతారని ఆ పేరు. ఆ రోజు కొండకి వెళ్ళిన నలుగురిలో వాళ్ళిద్దరు. ఇప్పుడు నా పక్కన కూర్చోరు. నేనూ పిలవను.


మార్చి 16, ఆదివారం

రాయాలి. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను.

దిగేటప్పుడు మూడో రాయి దగ్గర బొంగరం ఆగాడు. ఊట కిందికి దిగి సీసా నింపుకొస్తాను, మీరు నడుస్తూ ఉండండి అన్నాడు. ఎప్పుడూ అంతే. వెనకబడతాడు, పరిగెత్తుకొస్తాడు, దాటిపోయి వెక్కిరిస్తాడు. మేము నడిచాం. రెండో రాయి దగ్గర వెనక్కి చూశాను. మొదటి రాయి దగ్గర చూడలేదు.

ఆరుకి పది నిమిషాలుందనగా గేటు దగ్గరికొచ్చాం. కవలలు తమ సంతకాలు గిలికేసి, ఆఖరి బస్సులో సీట్ల కోసం పరిగెత్తారు. గుమాస్తా రిజిస్టరు నా ముందుకి తోశాడు.

"రెండూ నువ్వే పెట్టెయ్ బాబూ. ఆరింటికి పుస్తకం మూసేస్తాను. గడి ఖాళీగా ఉంటే ఈల వెయ్యాలి, తాళ్ళిచ్చి మనుషుల్ని పైకి పంపాలి. మీవాడు వెనకే వస్తున్నాడుగా?"

"వస్తున్నాడు" అన్నాను.

వస్తున్నాడనే అనుకున్నాను. పెట్టాను. ఆయన పుస్తకం మూశాడు.

బస్సులో కవలలు అడిగారు. "గేటు దాకా వచ్చాడు, వెనక జీపులో వస్తాడట" అన్నాను. బస్సు కదులుతోంది, దిగమంటారేమోనని. రెండ్రోజుల తర్వాత స్టేషన్లో కూడా అదే అన్నాను. అప్పటికే ఆ మాట కవలల నోటి నుంచి ఎస్సై కాగితంలోకి ఎక్కి ఉంది. నేను కొత్తగా అబద్ధం ఆడక్కర్లేకపోయింది, అవునంటే సరిపోయింది. గుమాస్తా కూడా నలుగుర్నీ చూశానన్నాడు. ఆయనకీ ఉద్యోగం ఉంది.


మార్చి 18, మంగళవారం

మొన్న రాసింది మళ్ళీ చదివాను. అందులో ఒక లోపం ఉంది. నేను సంతకం పెట్టాక వాడు రాలేదని ఎలా చెప్పగలను? ఆరూ పదికి వచ్చి ఉండొచ్చు. పుస్తకం మూసి ఉంటుంది. మేము లేం, బస్సు లేదు. పొద్దున తిట్లు గుర్తొచ్చి ఉంటాయి. జీపెక్కి ఇంకోవైపు పోయి ఉండొచ్చు. అప్పుడు నేను పెట్టిన సంతకం కొంచెం ముందుగా పెట్టిందే తప్ప తప్పుది కాదు.

ఇందులో అసాధ్యమైనది ఏమీ లేదు. మూడుసార్లు సరిచూశాను.


మార్చి 20, గురువారం

ఏమీ లేదు.


మార్చి 23, ఆదివారం

పిన్నికి చెప్పేద్దామని వెళ్ళాను. బాబాయ్ లేడు. నడక ప్రాక్టీసుకి బూట్లతో వెళ్ళాడు. ముందుగా పిన్నికి చెబితే ఆయన తప్పు లేదని తెలుస్తుంది, కనీసం టీ సంగతి నేరుగా అడుగుతుంది అనుకున్నాను. మాటలు కూడా పేర్చుకున్నాను. ఏడు వాక్యాలు.

పిన్ని వాడి బట్టలు తీసి మళ్ళీ మడతలు పెడుతోంది.

"పిన్నీ, వాడు బాబాయ్ మీద కోపంతో పోయి ఉండడేమో" అన్నాను. అది మొదటి వాక్యం.

చేతిలో చొక్కా అలాగే పట్టుకుని ఆగింది.

"పోనీ, కోపంతోనే అనుకోనీ నాన్నా. నువ్వు కూడా ఆ ఒక్కటీ తీసెయ్యకు. కోపం బతికున్నవాళ్ళకే కదా వచ్చేది."

మిగతా ఆరు వాక్యాలు నా దగ్గరే ఉన్నాయి. పిన్నితో కలిసి చొక్కాలు మడతపెట్టి వచ్చేశాను.

ఈమధ్య కొత్త మాటలు రాసుకోవడం లేదు.


మార్చి 30, ఆదివారం

సంచి సర్దాం. టార్చి, తాడు, మందులు, వానకోట్లు మూడు, బ్రెడ్డు తర్వాత కొనాలి. పట్టికలో ఒక్కోదానికీ టిక్కు పెడుతుంటే బాబాయ్ సంతోషంగా చూశాడు. "నువ్వుంటే నాకు బెంగ లేదురా. వాడికి నీలో సగం శ్రద్ధ ఉన్నా..." అని ఆపేశాడు. కొత్త బూట్ల జత సంచి అడుగున పెట్టాడు. బరువు. అది నేను మోస్తానన్నాను.


ఏప్రిల్ 4, శుక్రవారం

రేపు.


ఏప్రిల్ 6, ఆదివారం

నిన్నటిది వరసగా రాస్తాను.

ఏడింటికి గేటు దగ్గరున్నాం. అప్పటికే రెండు వందల మంది. స్కూలు పిల్లలు, కొత్త దంపతులు, కర్రల మీద కెమెరాలు. బాబాయ్ క్యూలో నిలబడకుండా క్యూ పొడవునా నడిచాడు. ప్రతి మొహం చూశాడు. టోపీ పెట్టుకున్న ఒకణ్ణి భుజం పట్టి తిప్పాడు. ఎవరో. క్షమించమన్నాడు. తొమ్మిదింటికి నేనే అన్నాను, "పైన ఉంటాడేమో బాబాయ్." ఎందుకన్నానో తెలీదు. కాదు, తెలుసు. ఇంకాసేపు గడుస్తుందని.

గుమాస్తా అప్పటి ఆయనే. మెడలో ఈల, కళ్ళజోడుకి నల్ల దారం. నన్ను గుర్తుపట్టలేదు. ఎడమ గళ్ళలో సంతకాలు పెట్టి ఎక్కడం మొదలుపెట్టాం. నేను వేసిన టైముల కంటే బాబాయ్ బాగానే నడిచాడు. దారంతా ఎదురొచ్చేవాళ్ళని చూస్తూనే ఉన్నాడు.

మూడో రాయి దగ్గర ఆగాం. ఊట వైపు ఇనప కమ్మీ ఉంది. ఒకచోట విరిగి లోయవైపు వంగింది. తుప్పు పాతది. విరిగిన చోట కూడా తుప్పు పట్టింది.

"ఇక్కడ నీళ్ళు బావుంటాయన్నావు కదా" అన్నాడు బాబాయ్ సీసా తీస్తూ.

"వాడు ఇక్కడే ఆగాడు బాబాయ్. నీళ్ళకి దిగాడు. తర్వాత నేను వాణ్ణి చూడలేదు."

"గేటు దగ్గర చూశావుగా."

"లేదు. కుడి గడిలో సంతకం నేను పెట్టాను."

ఆయన సీసా మూత తిప్పి పెట్టాడు. మళ్ళీ తీశాడు. నాకు అందించాడు.

"ఎండ తగిలిందిరా నీకు. తాగు."

"సంతకం చివర చుక్క ఉంటుంది చూడండి. అది నాది."

"అది జిరాక్సు మిషను మరక. నాకు చెప్తావా సంతకాల గురించి?"

పైకి వెళ్ళలేదు. ఆయన వెనక్కి తిరిగి దిగడం మొదలుపెట్టాడు. కొత్త బూట్లు మెట్ల మీద టపటప కొట్టుకున్నాయి. రెండో రాయి దగ్గర మోకాలు పట్టేసి మూడు గంటలు టీ దుకాణం బల్ల మీద కూర్చున్నాడు.  ఫొటోల క్యూలో ఒకావిడ, కాస్త పక్కకి జరగమని ఆయన్ని అడిగింది. జరిగాడు.

గేటుకి వచ్చేసరికి అయిదున్నర దాటింది. కిటికీలోంచి చెయ్యి పెట్టి పోయిన అక్టోబరు పుస్తకం అడిగాడు. గుమాస్తా అలా ఇవ్వకూడదన్నాడు. "నా కొడుకు" అన్నాడు బాబాయ్. అంతే అన్నాడు. గుమాస్తా బీరువా తీశాడు.

సిరాలో చుక్క ఉంది. బాబాయ్ బొటనవేలితో దాన్ని రుద్ది చూశాడు. పోలేదు.

"అయినా వాడిదే" అన్నాడు. "అలిసిపోయి పెన్ను ఆనించి ఉంటాడు. ఇదుగో ఈ చుట్లు ఇంకొకడు తిప్పలేడు."

నిన్నటి తేదీ పేజీ కూడా అక్కడే తెరిచి ఉంది. మా ఇద్దరి పేర్ల కింద, తర్వాతి గుంపుకి ముందు, ఒక వరస ఖాళీగా ఉంది. నేను పెన్ను తీసుకుని వాడి పేరు రాసి, ఎడమ గడిలో వాడి సంతకం పెట్టాను. బాబాయ్ కాగితం వైపు చూడలేదు. నా మణికట్టు వైపు చూశాడు. నాకు బ్రష్షు పట్టడం నేర్పేటప్పుడు అలాగే చూసేవాడు. మూడు చుట్లు. చుక్క.

 నన్ను కొడతాడనుకున్నాను. కొడితే బావుండేది.

"ఎవరిది అది?" అన్నాడు గుమాస్తా. "మూడో ఆయన ఏడి?"

"పైనే ఉన్నాడు" అన్నాడు బాబాయ్.

గుమాస్తా ఆ పేరు చదివాడు. పక్కనే తెరిచి ఉన్న అక్టోబరు పేజీ చూశాడు. నన్ను చూశాడు. అప్పుడు గుర్తుపట్టాడు.  గోడ గడియారంలో ఆరుకి ఎనిమిది నిమిషాలుంది.

మా ఇద్దరి కుడి గళ్ళూ నింపాను. పెన్ను ఇంకా నా చేతిలోనే ఉంది. వాడి ఖాళీ కుడి గడి మీద బాబాయ్ అరచెయ్యి పెట్టాడు. గోళ్ళలో ఏదో బోర్డు నీలం.

"దీని జోలికి ఎవరూ రావద్దు" అన్నాడు.

ముగ్గురం అలాగే నిలబడ్డాం. వెనక క్యూలో ఎవరో తొందరపెట్టారు.  తన పుస్తకంలో అక్టోబరు నాటి తప్పు ఉందని గుమాస్తాకి తెలుసు. ఆరు కొట్టింది. ఆయన ఈల తీసి నోట్లో పెట్టుకున్నాడు. మొదటిసారి గాలే వచ్చింది. రెండోసారి మోగింది.

షెడ్డులోంచి నలుగురు తాళ్ళూ టార్చీలూ పట్టుకుని వచ్చారు. ఏ రాయి దగ్గర అని అడిగారు. మూడో రాయి, ఊట కింద, కమ్మీ విరిగిన చోట అని నేను చెప్పాను. ఆర్నెల్లు ఆలస్యంగా చెప్పాను. వాళ్ళు పరుగులాంటి నడకతో వెళ్ళారు, ఇప్పుడే ఎవరో జారినట్టు.

గుమాస్తా ఒక కాగితం తీసి ముందు పెట్టుకున్నాడు. 

"ఏం వేసుకున్నాడు?"

బాబాయ్ నావైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. ఆ రోజు నేను వాడి వైపు చూడలేదు."

"నీలం స్వెట్టరు" అన్నాను.

గుమాస్తా రాసుకున్నాడు. పెన్ను ఎత్తబోతుంటే బాబాయ్ ఆ కాగితం మీద, మిగిలిన చోట వేలు పెట్టాడు.

"కుడి మోచెయ్యి మీద పసుపు మరక" అన్నాడు. "ఎనామిల్ రంగు. వానకి పోదు. అది కూడా రాయండి."